సూదీ దారంతో కుట్టిన రేడియో

ప్రత్యేక సంచికకు సభ్యులందరూ తమకు తెలిసిన విషయం మీద ఏదో ఒకటి రాసి పంపవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. సర్వీసు జ్ఞాపకాలు రాసేవారు మనలో చాలామందే ఉన్నారు. డి.ఏ. బకాయిల గురించి, పెన్షన్ సవరణ గురించి రాసేవారు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. నేను ఆ రెండింటినీ వారికే వదిలి, మన వృత్తికి దగ్గరిదే అయినా మన పత్రికలో ఇంతవరకు ఎవరూ రాయని సంగతి ఒకటి రాయదలచుకొన్నాను. బట్టకు గుండీ కుట్టినట్లు రేడియో బోర్డును సూదీ దారంతో కుట్టుకొనే విద్య ఎలా పుట్టింది, ఎవరు పెంచారు అన్నదే ఈ వ్యాసం. ఇది కుర్రకారు సంగతి గదా, మనకెందుకు అని పేజీ తిప్పేయకండి. ఇందులో ఓం నియమం ఉంది, జరీ ఉంది, మనం ఎక్స్ఛేంజీల్లో వాడిన మైనపు దారమూ ఉంది. పైగా మన వయసువారికే ఎక్కువ పనికివచ్చే విషయం ఇది.

మోసే రేడియో

మొదట్లో వైర్‌లెస్ అంటే గదినిండా సామాను. మనిషి దానిని ఒంటిమీద మోస్తూ నడవడం రెండవ ప్రపంచ యుద్ధంలో బాగా వాడుకలోకి వచ్చింది. 1943లో అమెరికా సైన్యానికి అందిన ఎస్.సి.ఆర్.-300 అనే సెట్టును సైనికుడు వీపున తగిలించుకొని నడిచేవాడు. బరువు సుమారు 15 కిలోలు, మాట వినిపించే దూరం దాదాపు మూడు మైళ్లు. చేతపట్టుకొని మాట్లాడే ఎస్.సి.ఆర్.-536 సెట్టు రెండు కిలోల పైచిలుకు ఉండేది, దూరం మైలుకు అటూ ఇటూ. ఈ రెండింటినీ తయారుచేసింది గాల్విన్ కంపెనీయే. తరువాత అదే మోటొరోలా అయింది.

బరువును దించినది ట్రాన్సిస్టరు. 1947 డిసెంబరులో బెల్ లేబొరేటరీస్‌లో అది పుట్టింది. 1954లో అమెరికాలో రీజెన్సీ టి.ఆర్.-1 పేరుతో మొదటి ట్రాన్సిస్టరు రేడియో బజారులోకి వచ్చింది. జేబులో పట్టేది, ధర 49 డాలర్ల 95 సెంట్లు. ఆ మాటే మన ఊళ్లలో రేడియోకు మారుపేరైంది. పొలం గట్టు మీద ట్రాన్సిస్టరు పెట్టుకొని వ్యవసాయ కార్యక్రమాలు విన్న రైతులు మనకందరికీ గుర్తే. ఆ రోజుల్లో దానికి పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవలసి వచ్చేది. 1980ల నడుమ గాని ఆ బాధ తప్పలేదు.

జేబులో పట్టడం వేరు, బట్టలో కలిసిపోవడం వేరు. జేబులోది తీసి బల్ల మీద పెట్టేస్తాం. బట్టలోది మనతో పాటు వంగుతుంది, చెమటలో తడుస్తుంది, బాలింతలో నానుతుంది, బండకేసి బాదించుకొంటుంది. చివరకు తీగమీద ఆరుతుంది. ఇన్ని తట్టుకోవాలంటే విద్య వేరే కావాలి.

బూటులో దాగిన యంత్రం

ఒంటిమీద ధరించే వైర్‌లెస్ కథలో తమాషా అయిన అధ్యాయం 1961 నాటిది. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ పేరు మనలో ట్రాన్స్‌మిషన్ విభాగంవారు విన్నదే. ఆయనా, ఎడ్వర్డ్ థార్ప్ అనే గణితశాస్త్రవేత్తా కలిసి, రౌలెట్ చక్రం మీద బంతి ఏ భాగంలో ఆగుతుందో ముందే చెప్పే యంత్రం చేశారు. 12 ట్రాన్సిస్టర్లు, సిగరెట్టు పెట్టెంత పరిమాణం. ఒకరు ఆ యంత్రాన్ని ఒంటిమీద పెట్టుకొని, బూటులో అమర్చిన మీటలను కాలివేళ్లతో నొక్కుతూ చక్రం తిరిగే వేగాన్ని కొలిచేవారు. లెక్క తేలగానే రేడియో ద్వారా స్వరాలు వెళ్లేవి. పందెం కాసే రెండో మనిషి చెవిలో చిన్న స్పీకరు ఆ స్వరం వినిపించేది.

ఆ వేసవిలో వారు భార్యలతో కలిసి లాస్ వేగాస్ వెళ్లి పరీక్షించారు. లెక్క బాగానే పనిచేసింది. రేడియో కూడా పనిచేసింది. దెబ్బతీసింది తీగ. చెవి దగ్గరకు వెళ్లే వెంట్రుకంత సన్నని తీగ ఎవరికీ కనిపించకుండా అతికించారు గాని, తల తిప్పినప్పుడల్లా తెగిపోయేది. ప్రపంచంలోకెల్లా గొప్ప బుర్రలు రెండు కలిసి కూడా తెగని తీగను తయారుచేయలేకపోయాయి. ఇక్కడ కావలసింది గణితం కాదు, వంగినా తెగని వాహకం. అది దొరకడానికి మరో ముప్పై ఆరేళ్లు పట్టింది. ఇటువంటి పరికరాలతో జూదమాడడాన్ని నెవాడా రాష్ట్రం 1985లో నిషేధించింది. అది వేరే సంగతి.

దారం కూడా ఇంజనీరింగే

కుట్టుపనికీ విద్యుత్ పరికరాలకూ సంబంధమేమిటని ఎవరైనా అడిగితే, మన పాత స్ట్రౌజర్ ఎక్స్ఛేంజీలను గుర్తుచేయండి. ర్యాకు వెనక వందల తీగలను ఒక కట్టగా అమర్చి, మైనం పూసిన దారంతో సమాన దూరాల్లో ముడులు వేస్తూ కట్టేవాళ్లం గదా! ఏ తీగ ఎక్కడ విడిపోవాలో అక్కడే విడిపోయేది. ఇరవై ఏళ్ల తరువాత విప్పి చూసినా ముడి కదిలేది కాదు. మా సెక్షన్‌లో ఒక లైన్‌మన్ ఉండేవాడు. చదువు ఐదో తరగతి దాటలేదు. ఆయన కట్టిన కేబుల్‌ను చూసి పైఅధికారులు సైతం ముచ్చటపడేవారు. అయితే ఇన్‌స్టలేషన్ రిపోర్టులో ఆయన పేరు ఎన్నడూ లేదు. మెయిన్ ఫ్రేము నంబరు ఉంటుంది, కేబుల్ పొడవు ఉంటుంది, కట్టిన చేయి ఎవరిదో ఉండదు.

ఇది మన దేశంలోనే కాదు. 1969లో మనిషిని చంద్రుడి మీద దింపిన అపోలో నౌకలోని కంప్యూటరుకు ప్రోగ్రాము అంటే అక్షరాలా నేత. చిన్న అయస్కాంత వలయం లోపలినుంచి తీగ దూరితే ఒకటి, పక్కనుంచి పోతే సున్న. ఇలా 36 వేలకు పైగా మాటలను మసాచుసెట్స్ రాష్ట్రం వాల్థామ్‌లోని రేథియాన్ ఫ్యాక్టరీలో స్త్రీలు సూదితో ఎక్కించారు. వారిలో బట్టల మిల్లుల్లోను, గడియారాల ఫ్యాక్టరీల్లోను చేయి తిరిగినవారున్నారు. ఒక్క తీగ దారి తప్పితే ప్రోగ్రాము తప్పినట్లే. ఆ జ్ఞాపకశక్తికి ఇంజనీర్లు వేళాకోళంగా ‘ముసలమ్మల మెమరీ’ అని పేరు పెట్టారు. వేళాకోళం మాట ఎలా ఉన్నా, చంద్రుడి దాకా వెళ్లివచ్చిన ఆ నేత ఎక్కడా తప్పలేదు.

మన జరీ అమెరికా వెళ్లిన కథ

థార్ప్, షానన్‌లను ఏడిపించిన తీగకు జవాబు 1997లో దొరికిందన్నాను గదా. ఆ ఏడాది అక్టోబరులో మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో ఒంటిమీద ధరించే కంప్యూటర్ల మీద మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఎం.ఐ.టి. మీడియా లాబ్‌కు చెందిన రెహ్మీ పోస్ట్, మ్యాగీ ఆర్థ్ అనే ఇద్దరు అక్కడ ఒక పత్రం సమర్పించారు. బట్టలో కలిసిపోయే సర్క్యూట్‌కు తీగ ఎందుకు, దారమే తీగ కాకూడదా అన్నది వారి ప్రశ్న. వారు చేతికి తీసుకొన్న బట్ట ఏమిటో తెలుసా? సిల్కు ఆర్గంజా. నిలువు పోగు మామూలు పట్టు. అడ్డపోగు మాత్రం పట్టుదారం చుట్టూ పలుచని రాగి రేకు చుట్టినది. ఇటువంటి బట్ట కనీసం నూరేళ్లుగా భారతదేశంలో నేస్తున్నారని వారే రాశారు.

అంటే అది మన జరీ కుటుంబానికి చెందినదే. అసలు జరీ తయారీ మనవారికి కొత్త కాదు. వెండి తీగను సాగదీసి, రేకులా అణచి, పట్టుదారానికి చుట్టి, బంగారు పూత పూస్తారు. సూరత్‌లో తయారైన జరీ గద్వాల, ధర్మవరం, వెంకటగిరి, ఉప్పాడ మగ్గాల మీద అంచులై, కొంగులై మన ఇళ్లకు చేరింది. చిరిగిన పట్టుచీరను కాల్చి వెండి తీసుకొనే వ్యాపారులు వీధిలోకి వచ్చేవారు. వెండి ఉన్నదని అందరికీ తెలుసు. అందులో కరెంటు పారుతుందన్న ఆలోచన మాత్రం మనకెవరికీ రాలేదు.

ఇది చదివిన రోజున మా ఇంటావిడ పెళ్లిచీర తీయించి, అంచు మీద నా పాత మల్టీమీటరు రెండు ప్రోబులూ ఆనించాను. సూది చటుక్కున లేచింది. పక్కనే మొన్నమొన్న కొన్న చీర అంచు మీద పెడితే కదలలేదు. ఆ మెరుపు ప్లాస్టిక్కుది. ‘నలభై ఎనిమిదేళ్ల కిందటి చీర అసలుదో కాదో ఇప్పుడా చూసుకొనేది?’ అని ఆవిడ నవ్వింది.

ఎం.ఐ.టి. బృందం ఆ రోజుల్లోనే ఒక జీన్ జాకెట్టు మీద వాహక దారంతో మీటలు కుట్టి, వాటిని తాకితే సంగీతం వచ్చేట్లు చేసింది. 2000లో ఫిలిప్స్, లీవైస్ కంపెనీలు కలిసి ఫోను, పాటల యంత్రం అమర్చిన జాకెట్టును యూరప్‌లో అమ్మకానికి పెట్టాయి. ఉతకాలంటే యంత్రాలన్నీ, తీగలన్నీ విప్పదీయవలసి వచ్చేది. ధర ఎక్కువ, అమ్మకం తక్కువ. అది నిలవలేదు.

కలువ ఆకు

అంతవరకు ఇది పరిశోధనశాలల పని. దానిని ఇళ్లలోని కుట్టుపెట్టె దాకా తెచ్చిన మనిషి లియా బూకెలీ. కొలరాడో విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రంలో పరిశోధన చేస్తూ ఆమె బట్టకు కుట్టుకొనే ఎలక్ట్రానిక్ ముక్కలను రూపొందించింది. మొదటి నమూనాలు వాహక వస్త్రాన్ని కత్తిరించి చేసినవే. 2007లో స్పార్క్‌ఫన్ అనే కంపెనీ వాటిని లిలీప్యాడ్ ఆర్డుయినో పేరుతో విడుదల చేసింది. లిలీప్యాడ్ అంటే కలువ ఆకు. ఊదారంగులో, గుండ్రంగా, సుమారు 50 మిల్లీమీటర్ల అడ్డకొలతతో, అంచు చుట్టూ రేకులు విప్పిన పువ్వులా ఉంటుంది.

అందం కోసం అలా చేశారనుకొంటే పొరపాటు. చదరపు బోర్డు మూలలు బట్టకు గుచ్చుకొంటాయి, దారాన్ని కోస్తాయి. గుండ్రని దానికి మూలలే లేవు. మందం 0.8 మిల్లీమీటర్లు మాత్రమే కనుక ఒంటికి ఒత్తుకోదు. ప్రతి రేకు చివరా ఒక పెద్ద రంధ్రం, దాని చుట్టూ లోహపు పూత. టంకం అవసరం లేదు. వెండి పూత పూసిన నైలాను దారాన్ని సూదిలో ఎక్కించి ఆ రంధ్రంలోనుంచి మూడు నాలుగుసార్లు బిగించి తీస్తే అదే కనెక్షను. గుండీ కుట్టడం వచ్చినవారందరికీ ఈ పని వచ్చినట్లే.

దీని ఫలితాన్ని తరువాత బూకెలీ, బెంజమిన్ మాకో హిల్ కలిసి 2010లో పరిశీలించారు. సాధారణ ఆర్డుయినో బోర్డుతో తాము చేసినవి ప్రకటించుకొన్నవారిలో స్త్రీలు నూటికి ఇద్దరు మాత్రమే. లిలీప్యాడ్‌తో చేసినవారిలో నూటికి దాదాపు 65 మంది స్త్రీలే. లోపలి చిప్పు దాదాపు ఒకటే, ప్రోగ్రాము భాష ఒకటే. టంకం కడ్డీ బదులు సూది చేతికిచ్చేసరికి ఎవరు ఇంజనీరు అన్న లెక్క తారుమారైంది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన సంగతి ఇదే.

రేడియో బోర్డుకు రేకులు

బట్టకు మెదడు వచ్చింది, ఇక మాట రావాలి. దానికి తగిన రేడియోలు అప్పటికే వచ్చాయి. తక్కువ కరెంటుతో తక్కువ దూరం పనిచేసే రేడియోలకు 2003లో 802.15.4 అనే ప్రమాణం ఏర్పడింది. ఆ ప్రమాణంతో ఎక్స్‌బీ అనే తపాలా బిళ్లంత రేడియో వచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, పంపే శక్తి ఒక మిల్లీవాట్. ఇంట్లో ముప్పై మీటర్లు, ఆరుబయట వంద మీటర్లు అందుతుంది. మన దేశంలో కూడా 2005లో ఈ ఫ్రీక్వెన్సీని తక్కువ శక్తితో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చునని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ట్రాన్సిస్టరు వినడానికి లైసెన్సు కట్టిన మనం, పంపే రేడియోను కూడా లైసెన్సు లేకుండా వాడే రోజు చూశాం.

ఎక్స్‌బీని కుట్టుకోవడానికి వీలైన బోర్డును రూపొందించినవారు కేట్ హార్ట్‌మన్, రాబ్ ఫలూడి. దాహం వేసిన మొక్క యజమానికి ఫోను చేసే ‘బొటానికాల్స్’ అనే ఏర్పాటును చేసిన బృందంలో కూడా వీరిద్దరూ ఉన్నారు. నీళ్లు పోయమని మొక్క నుంచి ట్రంక్‌కాల్ వస్తుందంటే మన ఆపరేటర్లు ఏమనేవారో!

ఇటువంటి బోర్డు చేసేవారు ఆలోచించవలసిన సంగతులు ప్రధానంగా నాలుగు.

మొదటిది దారం నిరోధం. రాగి తీగకు నిరోధం ఉన్నా లేనట్లే. వెండిపూత దారం అలా కాదు. మంచి రకం దారానికి కూడా అడుగుకు 14 ఓమ్‌ల దాకా ఉంటుంది. చిన్న దీపానికి ఇది లెక్కలోకి రాదు. రేడియో మాత్రం 50 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, 2.8 వోల్టుల కంటే తగ్గితే పనిచేయదు. అందుకే బోర్డు మీదనే వోల్టేజి రెగ్యులేటరు ఉంచారు. అయినా బ్యాటరీని దగ్గరగా పెట్టడం, పవరు గీతను రెండు మూడు వరుసలుగా కుట్టడం తప్పనిసరి.

రెండవది ఏరియల్. మనం హైదరాబాద్ కేంద్రాన్ని 738 కిలోహెర్ట్జ్ మీద విన్నాం. ఆ తరంగం పొడవు సుమారు 406 మీటర్లు, పావు తరంగం ఏరియల్ అంటే నూరు మీటర్ల టవరు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. పావు తరంగం మూడు సెంటీమీటర్ల పైచిలుకు, అంటే మన చిటికెనవేలి కన్నా చిన్నది. కనుక ఏరియల్‌ను బట్టలో దాచడం కష్టం కాదు. కష్టమల్లా మన ఒళ్లే. ఒంటిలో అధికభాగం నీరు, ఆ నీరు ఈ తరంగాలను పీల్చేస్తుంది. ఛాతీకీ అవతలి సెట్టుకూ మధ్య రేడియో ఉంటే ఫరవాలేదు గాని, రేడియోకూ అవతలి సెట్టుకూ మధ్య మన ఛాతీ ఉంటే సిగ్నల్ పడిపోతుంది. అందుచేత భుజం మీదనో, పైచేతి వెలుపలి వైపునో కుట్టాలి. ఏరియల్ కింద వాహక దారం పోనివ్వకూడదు. పోనిస్తే ఆ దారమే ఏరియల్‌ను చెడగొడుతుంది.

మూడవది ఉతుకు. బోర్డు బట్టతోనే ఉంటుంది, రేడియో మాత్రం సాకెట్టులోనుంచి ఊడివస్తుంది. బ్యాటరీ, రేడియో తీసి, చేత్తో మెల్లగా ఉతికి, పూర్తిగా ఆరిన తరువాతనే తిరిగి పెట్టాలి. వెండి పట్టీలు నల్లబడినట్లే ఈ దారం కూడా చెమటకు, గాలికి నల్లబడుతుంది. అప్పుడు నిరోధం పెరుగుతుంది.

నాలుగవది ముడి. వాహక దారం పీచు లేస్తుంది. రెండు గీతల పీచులు ఒకదానికొకటి తగిలితే షార్టే. ముడి వేసి, కొస దగ్గరగా కత్తిరించి, పైన గోళ్ల రంగు చుక్క వేయడం ఈ విద్యలో అందరూ పాటించే చిట్కా. మన మైనపు దారం ముడికి ఇది మనవరాలు.

మా ఇంట్లో కుట్టిన స్వెట్టరు

2019లో మా ఇంటావిడకు మోకాళ్లు బాగా ఇబ్బంది పెట్టడం మొదలైంది. రాత్రివేళ లేచి నడవాలంటే గోడ పట్టుకోవాలి. పిలిస్తే నాకు వినపడదు. రెండు చెవుల్లో ఒకటి ఎక్స్ఛేంజీ హోరుకే అర్పించాను. ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు సెలవులకు వచ్చి ఇదంతా చూసింది. పాత లిలీప్యాడ్ రేడియో బోర్డు ఒకటి, ఎక్స్‌బీలు రెండు సంపాదించి, అమ్మమ్మ స్వెట్టరుకు కుడతానని కూర్చుంది.

మొదటిసారి మూడు చిన్న బ్యాటరీలను నడుము దగ్గర జేబులో పెట్టి, అక్కడినుంచి భుజం దాకా దారం కుట్టింది. రేడియో పలకలేదు. “తాతయ్యా, అన్నీ సరిగానే ఉన్నాయి, బోర్డు చెడిపోయినట్లుంది” అంది. మల్టీమీటరు తెప్పించాను. బ్యాటరీ దగ్గర నాలుగున్నర వోల్టులు. పోవడానికి రెండడుగుల దారం, రావడానికి రెండడుగులు. అడుగుకు 14 చొప్పున 56 ఓమ్‌లు. దానిని 50 మిల్లీ ఆంపియర్లతో హెచ్చిస్తే 2.8 వోల్టులు దారంలోనే ఆగిపోతున్నాయి. బోర్డుకు చేరేది 1.7. “నీ బోర్డు బాగానే ఉందమ్మా, దానికి భోజనం దారిలోనే అయిపోతోంది” అన్నాను.

అంతవరకు వింటూ కూర్చున్న అమ్మమ్మ స్వెట్టరు లాక్కొంది. “ఇలా ఒంటిదారంతో దూరదూరంగా టాకా వేస్తే నిలుస్తుందటే? జేబు పైకి తీసుకురా, జంటదారం వెయ్యి” అంటూ కుట్టంతా విప్పి, బ్యాటరీ సంచిని చేతికి పైన మూడంగుళాల దూరంలో పెట్టి, గొలుసుకుట్టుతో జంట వరుస వేసింది. మళ్లీ లెక్క వేశాను. దారంలో పోయేది ఇప్పుడు వోల్టులో అయిదోవంతు కూడా లేదు. రేడియో పలికింది. ఒక వైపు మీట నొక్కితే రెండో వైపు రేడియోలో అదే మీట నొక్కినట్లు సంకేతం వస్తుంది. దానికి గంట తగిలించి నా మంచం దగ్గర పెట్టారు. మీట నొక్కినప్పుడే మేలుకొని, మిగతా వేళ నిద్రలో ఉండేట్లు రేడియోను అమర్చింది మనవరాలు. నిద్రలో అది తీసుకొనేది 10 మైక్రో ఆంపియర్లకు మించదు.

అసలు చర్చ అప్పుడు వచ్చింది. మనవరాలికి ఇంకా చేయాలని ఉంది. “అమ్మమ్మా, నువ్వు పడిపోతే దానంతట అదే తెలిసేట్లు పెడతాను. నువ్వు ఎన్ని గంటలకు లేచావో, ఎంతసేపు నడిచావో బెంగుళూరులో అమ్మ ఫోనులో కనిపిస్తుంది” అంది.

మా ఇంటావిడ సూది పక్కన పెట్టి, “నేను బాత్‌రూముకు ఎన్నిసార్లు వెళ్లానో మీ అమ్మకెందుకే?” అంది.

“నీ మంచికే గదా అమ్మమ్మా!”

“నా మంచికేనమ్మా. కాదనను. నాకు మనిషి కావాలనిపిస్తే నేను నొక్కుతాను. నేను నొక్కనప్పుడు నా స్వెట్టరు నోరు మూసుకొని ఉండాలి.”

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా కూతురు ఫోనులో దీనికి ఒప్పుకోలేదు. “పడిపోయిన మనిషి మీట నొక్కగలదా నాన్నా?” అని నన్నే అడిగింది. ఆ భయమూ న్యాయమైనదే. చివరకు ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. రాత్రి పడుకొనేముందు ఒకసారి, తెల్లవారి లేవగానే ఒకసారి అమ్మమ్మే మీట నొక్కాలి. గంట మోగితే క్షేమం. తెల్లవారి మోగకపోతే నేను లేచి చూడాలి. లెక్కలు రాసే యంత్రం ఏదీ ఉండదు. నలభై ఏళ్లు ఇతరుల సంభాషణలు మోసిన శాఖలో పనిచేసినవాడిని. లైను మీద ఎవరు ఏం మాట్లాడుకొన్నా చెవి పెట్టరాదన్నది మనం చేరిన రోజునే నేర్చుకొన్న ధర్మం. బట్టలకు రేడియో వచ్చిన కాలంలో ఆ ధర్మం మరింత అవసరమని ఆ రాత్రి నాకు తోచింది.

జాకెట్టు మిగిలింది, మాట పోయింది

పెద్ద కంపెనీలు ఈ రంగాన్ని వదలలేదు. 2012లో ఏడాఫ్రూట్ అనే కంపెనీ ఫ్లోరా పేరుతో మరో గుండ్రని కుట్టు బోర్డు తెచ్చింది. బ్లూటూత్‌లో తక్కువ కరెంటు రకం 2010లో వచ్చాక, కుట్టిన బోర్డు నేరుగా చేతిలోని ఫోనుతోనే మాట్లాడగలిగింది. 2017లో గూగుల్, లీవైస్ కలిసి ముంజేతి దగ్గర వాహక దారం నేసిన జాకెట్టును 350 డాలర్లకు అమ్మాయి. నేత యంత్రం పేరు మీదనే దానికి జకార్డ్ అని పేరు. చేయి మీద రుద్దితే ఫోనులో పాట మారేది. పనితనం నిజంగా గొప్పది.

అయితే 2023లో గూగుల్ ఆ జాకెట్టుకు కావలసిన ఫోను ప్రోగ్రామును ఆపివేసింది. బట్ట చిరగలేదు, దారం తెగలేదు. మాట మాత్రం పోయింది. మన శాఖలో టెలిగ్రామ్ సేవ 2013 జూలైలో ఆగినప్పుడు మనకు బాధ కలిగింది గాని, అది నూటఅరవై ఏళ్లు నడిచి ఆగింది. ఇది ఆరేళ్లు కూడా నడవలేదు.

లిలీప్యాడ్ నమూనాలను అందరికీ తెరిచిపెట్టారు. కంపెనీ ఉన్నా లేకపోయినా బోర్డు బొమ్మ దొరుకుతుంది, చేయి తిరిగినవారు బాగుచేసుకోవచ్చు. మా స్వెట్టరుకు ఏ కంపెనీ అనుమతీ అక్కరలేదు. దారం నల్లబడి రెండుసార్లు గంట మోగకపోతే, మా ఇంటావిడ తనే విప్పి కొత్త దారం వేసింది. పనిముట్టును బాగుచేసుకోగలిగినప్పుడే అది మన సొత్తు. ఎక్స్ఛేంజీలో మనం నేర్చుకొన్నదీ అదే.

సభ్యులకు నా మనవి ఒకటుంది. మీ ఇళ్లలో మనవలు, మనవరాళ్లు ఇటువంటివేవో చేస్తూ ఉంటారు. మనకు అర్థం కాదులే అని పక్కకు తప్పుకోకండి. వారికి ప్రోగ్రాము వచ్చు, మీకు ఓం నియమం వచ్చు, మీ ఇంటావిడకు జంటదారం వేయడం వచ్చు. ముగ్గురూ కలిస్తేనే ఆ బోర్డు పలుకుతుంది. పని పూర్తయ్యాక దాని మీద ఎవరి పేరు రాయాలన్నా మూడు పేర్లూ రాయండి. మా స్వెట్టరు లోపలి వైపున మనవరాలు మూడు పొడి అక్షరాలు ఎర్రదారంతో కుట్టింది. అందులో మొదటిది అమ్మమ్మదే.